రెండింతల ధర

ఫిబ్రవరి 12

అక్కా,

కవరు మీద చేతిరాత ఎవరిదో పోల్చుకోలేక తిప్పి తిప్పి చూసుంటావు. నాదే. ఎవరికీ ఏమీ కాలేదు, కంగారు పడకు. ముగ్గురం బాగానే ఉన్నాం. ఫోన్ చేయొచ్చుగా, ఈ ఉత్తరాలేంటి అంటావని తెలుసు. ఫోన్ చేస్తే రెండో మాటకే "సరేలే, ఇక పెట్టేయ్, బిల్లవుతుంది" అంటావు. ఈ రోజుల్లో దానికి బిల్లేమీ కాదని ఎన్నిసార్లు చెప్పినా నీ చెవికి ఎక్కదు.

పని మామూలే. మొన్న ఒక పాత ఆఫీసులో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక పెద్దాయన, చేతిలో పూలకుండీ. నేను పైన మిషన్ గదిలో చక్రం చేత్తో తిప్పుతూ, లిఫ్టులో ఉండే ఫోనులో ఆయనకి ధైర్యం చెబుతున్నాను. "నాకు భయమేం లేదు నాయనా, ఊరికే మాట్లాడుతూ ఉండు" అన్నాడు. తలుపు తెరిచేసరికి ఆ మొక్కకి ఎన్నాళ్ళకోసారి నీళ్ళు పోయాలో నాకు కంఠతా వచ్చేసింది.

అసలు సంగతికి రాలేక ఇదంతా రాస్తున్నానని నీకు అర్థమయ్యే ఉంటుంది. గురువారాలు పని అయ్యాక లైబ్రరీకి వెళ్తున్నాను. నవ్వకు. పుస్తకాల కోసం కాదు. అక్కడ వెనక గదిలో ఒక మేడం ఉంటుంది, ఆవిడతో మాట్లాడటానికి. ఎందుకు వెళ్తున్నానో ఇప్పుడే రాయలేను, నాకే సిగ్గుగా ఉంది. ఇంట్లో తెలియదు. మొదటి రోజు ఆవిడ నన్ను కూర్చోబెట్టి, "కడుపులో ఏం దాచుకున్నారు?" అని అడిగింది. జీవితంలో నన్ను ఆ మాట అడిగిన మనిషి లేడక్కా. చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

ఎప్పుడూ నోరు విప్పని విషయం గురించి, ఒక్కరికి, చేత్తో ఉత్తరం రాయమని ఆవిడే చెప్పింది. విషయం డబ్బు. మనిషివి నువ్వు. మన ఇంట్లో డబ్బు మాట ఎవరన్నా పైకి అన్నారా? అమ్మ మనకి ఇవ్వాల్సింది చెప్పుల్లో పెట్టేది. మనం కాలు పెట్టి, తగిలితే తీసుకుని, ఏమీ ఎరగనట్టు బయటికి నడిచేవాళ్ళం. థాంక్స్ చెప్పినా అమ్మకి కోపమే. నీ ఖాతాలో నేను వేస్తున్నది కూడా అలాగే సాగిపోతోంది. నేను చెప్పలేదు, నువ్వు అడగలేదు. దాని గురించి రాద్దామని కూర్చుని ఇంతవరకు వచ్చి, చెయ్యి ఆగిపోయింది.

నీ చేతులు ఎలా ఉన్నాయి? ఆసుపత్రి లాండ్రీలో ఆ వేడి మిషన్ దగ్గర పని తగ్గించుకున్నావా? మా ఇంటికి రావడం ఎందుకు మానేశావు? కొత్త ఇల్లు చూసి మనసు కష్టపెట్టుకున్నావేమోనని నాకు ఎప్పుడూ ఒకటే దిగులు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 21

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం అందింది. మా మేస్త్రీ ముందే కవరు చించాను, కోర్టు కాగితం అనుకుని ఆయన మొహం వాడిపోయింది. తమ్ముడు రాశాడంటే నమ్మలేదు.

నా చేతులు రెండూ ఉన్నాయి, చెరో వైపు ఒకటి. ఆసుపత్రి దుప్పట్లు ఉతికేకొద్దీ పుట్టుకొస్తూనే ఉన్నాయి. ఆ వేడి రోలర్ల కింద ఇటు నుంచి తడిది పెడితే అటు నుంచి ఇస్త్రీ అయి వస్తుంది. అటు పక్క నేనూ, ఒక పొట్టావిడా నిలబడి మడతలు పెడతాం. పోయిన వారం ఒక దిండు గలీబులోంచి పళ్ళసెట్టు బయటపడింది. ఏ వార్డుకి ఫోన్ చేసినా మాది కాదంటారు. దాన్ని కిటికీ మీద గ్లాసులో పెట్టాం. వచ్చేపోయే అందరినీ చూసి నవ్వుతోంది.

ఇక అసలు మాట. నువ్వు బ్యాంకులో వేస్తున్నది నాకు తెలుస్తూనే ఉంది. అమ్మ నేర్పినట్టే నోరు మెదపలేదు. తమ్ముడి వ్యవహారం, మనకెందుకులే అనుకున్నాను. కానీ మరదలికి తెలియకుండా జరుగుతోంది చూడు, అది నన్ను లోపల తొలిచేస్తోంది. నేను మీ ఇంటికి రావడం మానేసింది అందుకే. నీ ఇల్లు చూసి నేను కుళ్ళుకుంటానా? పోయినసారి వచ్చినప్పుడు మరదలు చిరిగిన కర్టెన్ కుట్టుకుంటూ కూర్చుంది. కొత్తది కొనుక్కోరాదూ అంటే, "మీ తమ్ముడు కొననిస్తే కదా వదినా" అని నవ్వింది. నవ్వుతూనే అందిలే. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇంకో రెండు రోజులు ఉండమని చెయ్యి పట్టుకుంటే, పని ఉందని అబద్ధం చెప్పి రైలెక్కేశాను.

నువ్వు ఏం చేస్తున్నావో నాకు తెలుసురా. ఎవరూ చెప్పక్కర్లేదు. దాన్ని ఇంకా లాగకు. మరదలికి చెప్పు. ఆ మేడం సంగతి కూడా చెప్పు. అసలు డబ్బు గురించి నాకు రాయమని నీకు చెప్పడానికి ఆవిడెవరు? నాకు ఆ మాట బొత్తిగా నచ్చలేదు.

చిట్టిదానికి ముద్దులు. దానికి వాళ్ళత్త గుర్తుందా?

అక్క


మార్చి 3

అక్కా,

నీకు తెలిసిపోయిందని మెట్లెక్కుతూ చదివాను. మెట్ల మీదే కూర్చుండిపోయాను. అక్కడి నుంచి లేచాక ఎందుకో తేలిగ్గా కూడా అనిపించింది. ఎలా తెలిసిందని అడగను.

నువ్వన్నది నిజం. ఇన్నాళ్ళూ నీ మరదలి దగ్గర దాచడం తప్పు. మొదట చిన్నగానే మొదలైంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయగలననుకున్నాను. తర్వాత నా చేతుల్లో లేకుండా పోయింది. ఇంటికి వస్తే ఆవిడ ఎదురుగా కూర్చుని తినలేను. చిట్టిది ఏదన్నా చూపించి ముచ్చటగా చెబుతుంటే వినబడదు. మనిషిని ఇక్కడ, మనసు ఇంకెక్కడో. ఆవిడ ఒకసారి అడిగేసింది కూడా, "మీకు మామీద విసుగొచ్చిందా?" అని. ఏమీ లేదని తప్పించుకుని మిషన్ గదికి పోయి కూర్చున్నాను, పని లేకపోయినా.

లైబ్రరీ మేడం మీద కోపం పెట్టుకోకక్కా. ఆవిడే లేకపోతే నేను ఏమైపోయేవాణ్ణో. ముందు ఇంట్లో చెప్పేసి, ఆ తర్వాత మిగతా ఏర్పాట్లు చూద్దామంటోంది. ఇల్లు ఏం చేయాలో కూడా మాట్లాడుకున్నాం. అమ్మాల్సి రావచ్చు. నీ మరదలికి ఈ నెలాఖరుకి చెప్పేస్తాను. ఎలా మొదలుపెట్టాలో మేడం దగ్గర కూర్చుని ఒకటికి రెండుసార్లు చెప్పి చూసుకున్నాను కూడా.

నువ్వు మాత్రం నన్ను విడిచిపెట్టకు.

తమ్ముడు


మార్చి 9

తమ్ముడూ,

ఈసారి కుశలప్రశ్నలు లేవు. నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మేస్త్రీకి జ్వరమని చెప్పి, బ్యాంకుకి వెళ్ళాను. ఉన్నదంతా తీశాను. కౌంటర్లో అమ్మాయి నన్ను పక్కకి పిలిచి, "ఎవరైనా బలవంతపెడుతున్నారా అమ్మా?" అని అడిగింది. లేదమ్మా, నేనే ఒకరి పీడ వదిలిస్తున్నానని చెప్పాను.

అక్కడి నుంచి నేరుగా రైలెక్కి మరదలు పనిచేసే పోస్టాఫీసుకి వెళ్ళాను. తను స్టాంపుల కౌంటర్లో ఉంది. వరసలో నిలబడ్డాను, నా వంతు వచ్చేదాకా ఆగాను. నన్ను చూసి ఎంత సంతోషపడిందో తెలుసా? "వదినా, చెప్పకుండా వచ్చారేంటి" అని లేచి నిలబడింది. ఆ మొహం చూస్తూ డబ్బు సంచి లోపలికి తోశాను. "ఇది నీదమ్మా. నా తమ్ముడు నీకు తెలియకుండా ఇన్నేళ్ళుగా నా దగ్గర దాచిపెట్టాడు. ఇంకెవరి చేతికో పోకముందే నీ చేతిలో పెడుతున్నాను" అన్నాను. నా వెనక వరసలో ఉన్నవాళ్ళంతా వినే ఉంటారు. తను ఏదో అడగబోయింది. నేను ఉండలేక వచ్చేశాను.

నువ్వు ఆ లైబ్రరీ ఆవిడతో ఇల్లు అమ్ముకుని ఎక్కడ కాపురం పెడతావో పెట్టుకో. నా ఖాతా నీకు దాపరికాల పెట్టె కాదు. ఇన్నాళ్ళు అయినందుకే నాకు సిగ్గుగా ఉంది. ఒక ఆడపిల్ల కొంప కూల్చడానికి సొమ్ము నా దగ్గరే కూడుతోందని తెలిసీ ఊరుకున్నదాన్ని. నీకన్నా నేనే పాపిష్టిదాన్ని.

ఆ డబ్బులో కొంచెం తక్కువ ఉంటుంది. ఎందుకో తర్వాత రాస్తాను. అది నేనే నింపుతాను.

అక్క


మార్చి 14

అక్కా,

లైబ్రరీ మేడంకి డెబ్బై ఏళ్ళు. సోడాబుడ్డి అద్దాలు, ఊతకర్ర. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బ్యాంకులో చేసి, ఇప్పుడు అప్పుల్లో మునిగినవాళ్ళకి ఊరికే దారి చెబుతుంది. ఆ గది తలుపు మీద ఆ మాటే పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. లోపలికి వెళ్ళేటప్పుడు తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసి దూరేవాణ్ణి. నీకు రాయడానికి సిగ్గుపడ్డది అదీ. నేను దాచింది అప్పులక్కా. ఆడది కాదు.

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. కానీ నువ్వు చేసిన పనికి కోపం మాత్రం నిండా ఉంది, అది చెప్పకపోతే ఈ ఉత్తరం కూడా అబద్ధమే అవుతుంది. ఒక్క మాట నన్ను అడిగి ఉండొచ్చు కదా. నీ మరదలు ఆ సంచి తెచ్చి టేబుల్ మీద పెట్టి, కోటు కూడా విప్పకుండా కూర్చుంది. "మీ అక్కయ్య ఇచ్చారు. ఎంత ఉందో నేను చూడలేదు. చూడాలని కూడా లేదు. సోఫా కావాలని నేను ఎన్నాళ్ళు అడిగానో మీకు గుర్తుందా?" అంది. అంతే. అప్పటి నుంచి అవసరమైన మాట తప్ప మాట్లాడటం లేదు. చిట్టిది మా ఇద్దరి మధ్యా కబుర్లు మోస్తోంది.

సోఫా ఎందుకు కొనలేదో నీకే మొదట చెప్పాలి. నీకు గుర్తుందో లేదో, మొదటి జీతంతో నేనొక కోటు కొనుక్కున్నాను. నీకు చూపిద్దామని దాన్ని వేసుకునే వచ్చాను. నువ్వు లోపలి గుడ్డ తిరగేసి చూసి, "కుట్టు బాగుంది, నాలుగు కాలాలు ఉంటుంది" అన్నావు. అప్పుడు నీ ఒంటిమీద ఉన్న దానికి మోచేతుల దగ్గర అతుకులు. నేను చదువుకోవడానికి నువ్వు ఆ ఆవిరిలోకి వెళ్ళావు, నేను కోటు వేసుకుని నీ ముందు నిలబడ్డాను. తిరుగు రైల్లో ఆ కోటు ఒంటిమీద నిలవలేదు. మర్నాడు దాని ధర ఎంతో అంతా నీ ఖాతాలో వేశాను. అప్పుడు వేసుకోగలిగాను.

అదే అలవాటైపోయింది. నాకంటూ ఏది కొన్నా అంతే డబ్బు నీకు పంపుతాను. బూట్లు కొంటే బూట్ల ధర. పెళ్ళయ్యాక ఇంట్లోకి ఏది కొన్నా అంతే. చిట్టిది పుట్టినప్పుడు ఆసుపత్రి బిల్లంతా మళ్ళీ నీకు వేశాను. ఇల్లు కొన్నప్పుడు మొదట కట్టిన సొమ్ము ఎంతో అంతా అప్పు చేసి నీకు పంపాను. ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. నాకు ఏ వస్తువైనా రెండింతల ధర. అందుకే నీ మరదలు ఏది అడిగినా వద్దనేవాణ్ణి. తను నన్ను పిసినారి అనుకుంది. అనుకోనీలే, నీకు పంపుతున్నానుగా అని లోపల గర్వపడేవాణ్ణి కూడా. సిగ్గులేని గర్వం.

నువ్వు హాయిగా ఉన్నావనుకున్నాను. పని తగ్గించుకున్నావు, వేళకి తింటున్నావు, చలికి మంచి బట్టలు కొనుక్కున్నావు. రోజూ నిన్ను అలా ఊహించుకునే నిద్రపోయేవాణ్ణి. సంచి విప్పి చూస్తే నేను పంపింది ఇంచుమించు అంతా అలాగే ఉంది. నేను వడ్డీకి తెచ్చిన డబ్బు నీ దగ్గర మూలిగిందక్కా. ఎందుకు ముట్టుకోలేదు? నా డబ్బు నీకు అంత కానిదయిపోయిందా?

తమ్ముడు


మార్చి 22

నా పిచ్చి తమ్ముడూ,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, మెల్లగా చదువుకో.

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. పొట్టావిడ వచ్చి ఎవరన్నా పోయారా అని అడిగింది. ఇద్దరు తెలివైనవాళ్ళు పోయారు, నేనూ మా తమ్ముడూ అన్నాను.

ఆ డబ్బు నాదని నాకెలా తెలుస్తుందిరా? కుర్రాడిగా ఉన్నప్పుడు నువ్వే అనేవాడివి, "నా దగ్గర డబ్బు నిలవదక్కా, నీ దగ్గర పెట్టుకో" అని. అలాగే పెడుతున్నావనుకున్నాను. పెళ్ళయ్యాక కూడా వస్తూనే ఉంది. ఒక్కో నెల బోలెడు, ఒక్కో నెల ఏమీ లేదు, లెక్కకి అందని చిల్లర. పెళ్ళానికి తెలియకుండా మిగుల్చుకుని దాస్తున్నాడు అనుకున్నాను. పక్కింటాయన ఒకడు అట్లాగే దాచి దాచి ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. నువ్వూ అంతే చేస్తావని నాకు లోపల భయం. నోరు తెరిచి అడిగితే అమ్మ నేర్పిన మర్యాద పోతుంది. ఆ మర్యాద పాడుగాను. మనం మాట్లాడుకోకపోవడాన్ని ఇన్నాళ్ళూ ప్రేమ అనుకున్నాం.

పోస్టాఫీసులో నేను చేసింది తప్పే. మరదల్ని అందరిలో నిలబెట్టేశాను. దానికి నువ్వు కాదు, తనే నన్ను తిట్టాలి. తిట్టమని చెప్పు.

ఇప్పుడు తగ్గిన డబ్బు సంగతి. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. రెండేళ్ళ కిందట ఒక దుకాణం అద్దాల్లో ఒక కుర్చీ చూశాను. చేతులు పెట్టుకోవడానికి మెత్తలు, తల ఆనించుకోవడానికి ఎత్తుగా వీపు. రోజంతా నిలబడి ఇంటికి పోయేటప్పుడు దాని ముందు ఆగేదాన్ని. ఒకరోజు బ్యాంకులో నీ డబ్బు తీసి కొనేశాను. తర్వాత కడదాంలే అనుకున్నాను. ఇంటికి తెచ్చి కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ తర్వాత మీ ఇంటికి వచ్చాను, మరదలు గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని కర్టెన్ కుడుతోంది. అంతే, ఇంటికి పోయాక మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను. దాని మీద గుడ్డ కప్పేశాను. ఆ డబ్బు నింపాలని ఆదివారాలు కూడా పనికి వెళ్తున్నాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, నా వేళ్ళకి స్పర్శ పోయింది. మొదట తిమ్మిరి, తర్వాత బొటనవేలు మాట వినడం మానేసింది. మొన్న రోలరు అంచుకి చెయ్యి తగిలితే కాలిందని వాసన వచ్చాక గానీ తెలియలేదు. రెండు మణికట్లలో నరం నలిగిపోతోందట, కోసి వదులు చేయాలంటున్నాడు మా ఆసుపత్రి డాక్టరు. ఆలస్యం చేస్తే చెయ్యి ఎండిపోతుందన్నాడు. కుర్చీ బాకీ తీరాక చేయించుకుందామని ఆగాను.

నేను పని చేయకూడదని నువ్వు డబ్బు పంపావు. ఆ డబ్బు ముట్టుకున్నందుకు నేను ఆదివారాలు పని చేశాను. ఇది ఎవరితోనైనా చెప్పుకునే మాటేనా?

అక్క


ఏప్రిల్ 2

అక్కా,

నీ ఉత్తరం చదవలేక నీ మరదలికి ఇచ్చాను. తను పైకి చదివింది. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపేసింది. నాకు ఇచ్చేసి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి బయటికి వచ్చి, "ఆ గుడ్డ తీసేయమని రాయండి" అంది. చాలా రోజుల తర్వాత నాతో అన్న మొదటి పెద్ద మాట అదే.

ఆ రాత్రి కోటు దగ్గర్నుంచి అంతా తనకి చెప్పాను. గురువారం తనే లైబ్రరీకి వస్తానంది. మేడం తనకి కుర్చీ వేసి, నన్ను అడిగిన మాటే అడిగింది. "నా కడుపులో ఏముందా? మొదటి ధర వాళ్ళక్కది, నేను ఈయనకి రెండో ధరనేమో అనిపిస్తోంది" అంది నీ మరదలు. అప్పుడు మేడం నా వైపు తిరిగి, "మీరు ఇన్నేళ్ళుగా కడుతున్నది జరిమానా. మీకు ఈ శిక్ష వేసిందెవరు?" అని అడిగింది. మా అక్క అనబోయాను. నువ్వు ఏనాడూ వేయలేదు. నీ చేతులు చూసి నాకు నేనే వేసుకున్నాను, కానీ కట్టింది నేనొక్కణ్ణే కాదు. తనూ చిట్టిదీ కట్టారు. నీ చేతులూ కట్టాయి. తప్పు చేసిన బరువు దిగుతుందని డబ్బు పంపాను, దిగేది నాకు, మోసేది మీరు. అది అక్కడ కూర్చుని చెప్పేశాను. బయటికి వచ్చాక నీ మరదలు నా చెయ్యి పట్టుకోలేదు గానీ, పక్కనే నడిచింది.

సంచిలోని డబ్బుతో అప్పులన్నీ కట్టేశాం. ఏమీ మిగల్లేదు. ఇల్లు నిలబడింది. ఇక నుంచి జీతం వచ్చిన రోజు ఇద్దరం టేబుల్ దగ్గర కూర్చుని ఎంతుందో పైకి చెప్పుకోవాలని మేడం నియమం పెట్టింది. మొదటిసారి నాకు చెమటలు పట్టాయి. చిట్టిది వచ్చి ఎవరికి ఒంట్లో బాగాలేదని అడిగింది.

నువ్వు వెంటనే ఆ చెయ్యి చేయించుకో. అంతా నేను చూసుకుంటాను అని రాయబోయాను. నీ మరదలు నా భుజం మీంచి చూసి, "ఏ డబ్బుతో?" అంది. కాబట్టి అది రాయడం లేదు. ఆపరేషన్ అయిన వారం తనే సెలవు పెట్టి నీ దగ్గరికి వస్తుందట. వద్దంటే పోస్టాఫీసు సంగతి తీస్తానని చెప్పమంది.

తమ్ముడు


ఏప్రిల్ 19

తమ్ముడూ,

ఇది మరదలి చేతిరాత. నా కుడిచెయ్యి కట్టుతో దిండు మీద మహారాణిలా పడుకుని ఉంది. నేను చెబుతుంటే తను రాస్తోంది. నేను ఒకటి చెబితే తను ఒకటి రాస్తుందేమోనని పక్కనే కూర్చున్నాను.

(వదిన చెప్పినట్టే రాస్తున్నాను. నా మాటలు మాత్రం ఇలా బ్రాకెట్ల మధ్య.)

ఆపరేషన్ తేలిగ్గానే అయింది. మా ఆసుపత్రే కాబట్టి దానికి ఖర్చు లేదు. కోసిన డాక్టరు కప్పుకున్న గుడ్డ నేను మడత పెట్టిందే. ఆ మాట చెబితే ఆయన కదలొద్దన్నాడు. రెండో చెయ్యి ఇది మానాక చేస్తారట. మరదలు నాకు జడ వేస్తోంది, అన్నం కలిపి పెడుతోంది. ఎవరైనా నాకు చేస్తుంటే ఎక్కడ చూడాలో తెలియదురా.

(వదిన గోడకేసి చూసి తిన్నారు. రెండో రోజు ఉప్పు తక్కువైందన్నారు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.)

పోస్టాఫీసు సంగతికి క్షమించమని అడిగాను. తను చాలాసేపు తిట్టింది. ఇద్దరికీ బాగుంది.

(కొంచెమే తిట్టాను.)

ఇప్పుడొక మాట చెప్పాలి. రెండు చేతులూ మానేదాకా నేను పనికి పోకూడదు. పోని రోజులకి జీతం రాదు. గది అద్దె ఉంది, తిండి ఉంది. నా దగ్గర దాచుకున్నది లేదు, కుర్చీకి కట్టగా మిగిలింది పప్పు ఉప్పులకే సరిపోతుంది.

(ఇక్కడ వదిన ఆగిపోయారు. మంచినీళ్ళు అడిగారు. కిటికీ వేయమన్నారు, మళ్ళీ తీయమన్నారు. "కొట్టేయ్, ఈ ముక్క వద్దు" అన్నారు. నేను కొట్టేయలేదు.)

నాకు డబ్బు కావాలి తమ్ముడూ. రెండు నెలల జీతం ఎంతో అంత. నోరు తెరిచి అడుగుతున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అడగలేదు, అందుకే ఎలా అడగాలో తెలియక ఇలా మొరటుగా వచ్చింది. అమ్మ ఉంటే నా మొహం చూసేది కాదు. నీకు వీలైతే ఇవ్వు. వీలు కాకపోతే కాదని చెప్పు. అప్పు చేసి మాత్రం ఇవ్వకు, చేశావని తెలిస్తే ఈ కట్టు చేత్తోనే తంతాను.

అక్క

(వదినకి చెమటలు పట్టాయి. తుడిచాను. మీరు నిజం రాయండి.)


ఏప్రిల్ 26

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నా పాత బుద్ధి లేచి నిలబడింది. ఎవరి దగ్గర చేబదులు అడగాలా అని మనసులో వరసగా పేర్లు చదువుకున్నాను. కంపెనీలో అడ్వాన్సు కాగితం తెచ్చుకుని జేబులో పెట్టుకున్నాను కూడా. సంతకం ఒక్కటే తక్కువ. ఆ సాయంత్రం ఎందుకో నీ చివరి మాటలు మళ్ళీ చదివాను. వీలు కాకపోతే కాదని చెప్పమన్నావు. ఆ మాట నాతో ఎవరూ ఎప్పుడూ అనలేదు, నువ్వు అంతకంటే ఎక్కువ నాకు ఏదీ ఇవ్వలేదు. అడ్వాన్సు కాగితం చించేశాను.

నీ మరదలు నీ దగ్గరే ఉంది కాబట్టి ఫోన్లో తనతో మాట్లాడి, మా జీతాలు రెండూ, ఖర్చులన్నీ టేబుల్ దగ్గర నేనొక్కణ్ణే పైకి చెప్పుకున్నాను. పక్కన చిట్టిది కూర్చుని వింది. ఎంత కష్టపడి సర్దినా నువ్వు అడిగినంత రాదు. సగం వస్తుంది. రెండు భాగాలుగా, జీతాలు వచ్చిన రోజున. మిగతా సగానికి మీ ఆసుపత్రిలో పనివాళ్ళ సహాయనిధి ఏదో ఉంటుందని, అడగమని లైబ్రరీ మేడం చెప్పింది. అది నువ్వే నోరు తెరిచి అడగాలి. మేస్త్రీని అడుగు, కాదంటే పై ఆయన్ని అడుగు. నేను రావాల్సి వస్తే వచ్చి పక్కన నిలబడతాను.

ఈ ముక్క ఇప్పటికి రెండుసార్లు కొట్టేసి రాశాను. నీ చేతులు చూసి పెరిగినవాణ్ణి, నీకు లేదని రాస్తున్నాను. వెయ్యిసార్లు తప్పు చేసినట్టే ఉంది. అయినా రాస్తున్నాను.

అక్కా, అంత నా దగ్గర లేదు. సగమే ఇవ్వగలను.

తమ్ముడు